చెంపన ముల్లున్న ఎర్రచేప

ముత్తెన్న చిన్నప్పుడే తల్లి లసుమవ్వ పండరిపురం తీసుకుపోయి మెడలో తులసిమాల వేయించింది. ఆ మాల వేసుకున్నవాళ్ళు నీసు ముట్టరు, ప్రాణి జోలికి పోరు. లసుమవ్వ పట్టింపు మరీ ఎక్కువ. అంకాపూర్ చుట్టాలింట్లో కోడికూర వండితే పెళ్ళి భోజనమైనా మానుకుని ఆర్మూర్‌లోని తన ఇంటికి వచ్చేసేది.

ఎనభైల్లో, తాము పండించే పసుపు ధర పడిపోయిన ఏడు ముత్తెన్న మస్కట్ పోయాడు. ఏజెంటు తోటపని అన్నాడు. ఏజెంట్ల నోట్లో ఏ పనైనా తోటపనే! తీరా దిగాక చేపల పడవ ఎక్కించారు. తిరిగొద్దామంటే పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది. మాలతో చేపలు పట్టడానికి మనసొప్పక, మొదటి సాయంత్రమే దాన్ని తెంపి సముద్రంలో వేశాడు. మాటలు రికార్డు చేసి ఇంటికి పంపిన క్యాసెట్‌లో మాత్రం "తోటల పనే అవ్వా, ఫికర్ జెయ్యకు" అన్నాడు.

పడవ పగడపు దిబ్బల దగ్గర ఆగేది. వాళ్ళు పట్టాల్సింది చెంపన ముల్లున్న ఓ ఎర్రచేప. పెద్ద కళ్ళది, పగలంతా రాతిసందుల్లో పడుకుని చీకటి పడ్డాకే మేతకొస్తుంది. అచ్చం అలాంటిదే మరొకటుంది గానీ, దాని చెంపకు ముల్లుండదు. రెండూ వేరుచేయమన్నాడు పడవ నడిపే ముసలి ఖమీస్. పసుపు కొమ్ము విరిచి చూసే అలవాటుకొద్దీ ముల్లుందో లేదోనని ముత్తెన్న చేప తల దగ్గర బొటనవేలుతో గట్టిగా నొక్కాడు. ముల్లు దిగి చెయ్యంతా వాచింది. ఆ పైన పొరబడలేదు. చిన్న గాలానికి రొయ్యముక్క గుచ్చి అడుగుదాకా దించడం, రాళ్ళకు చిక్కకుండా జానెడు పైకి లాగి పట్టుకోవడం బాగా వచ్చేశాయి. బాగా రావడమే అతనికి సిగ్గనిపించేది.

తొంభై ఒకటిలో ఇల్లు చేరాడు. వాకిట్లో ఆరబోసిన పసుపు తిరగేస్తున్న తల్లి ముందుగా అతని మెడ చూసింది.

"మాలేది కొడుకా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఏడేళ్ళుగా దాన్ని మోసి విసిగిపోయి, ఉన్నదంతా చెప్పేశాడు. ఇక తన చేతి నీళ్ళు కూడా తల్లి ముట్టదేమో అనుకున్నాడు.

లసుమవ్వ పసుపు తిరగేయడం ఆపింది.

"నువ్వు పంపిన పైసలతోనే గదా బియ్యం కొన్నది?"

"అవునవ్వా."

"గట్లయితే ఇన్నేండ్ల సంది నేను తిన్నది గా చేపలే."

తన మెడలోని మాల తీసి గూట్లో పెట్టింది.

"జర నీళ్ళు తే బిడ్డా," అంది.

ముత్తెన్న ఏడుస్తూ చెంబు తెచ్చాడు. ఆమె తాగింది.