అత్తగారి పేరున్న పురుగు

మ్యూజియం నేలమాళిగలో, స్పిరిట్ సీసాల వాసన మధ్య కూర్చుని పనిచేసే ఆవిడను అందరూ భూతద్దం అంటారు. సముద్రం అట్టడుగున, చేపముక్క ఎరపెట్టిన బోనుల్లో పడే యాంఫిపాడ్ అనే పురుగుల్ని జాతులవారీగా విడదీయడం ఆవిడ వృత్తి. రొయ్యకు దూరపు చుట్టాలు, వెలుగు మొహం చూడని జన్మలు, గూని నడుములు. అన్నదమ్ముల పిల్లల్లా అన్నిటిదీ ఒకే పోలిక. ఒక జాతి పంజా అంచున చిన్న నొక్కు ఉంటుంది, దాని జ్ఞాతికి ఉండదు. ఆ నొక్కు కోసం నడుము వంచీ వంచీ తన భార్య కూడా ఆ జాతిలో కలిసిపోతోందని భర్త అభిప్రాయం.

పాప పాలు మానకముందే ఆవిడ పరిశోధన ఓడ ఎక్కాల్సివచ్చింది. అప్పుడు అత్తగారు తన ఉద్యోగానికి స్వస్తి చెప్పి వచ్చి పిల్లను సాకింది. తిరిగొచ్చిన కోడలికి ఆ మేలుకు బదులేమివ్వాలో పాలుపోలేదు. శాలువా కొంటే రంగు వెలిసిందని తీర్పు వచ్చింది. సరిగ్గా ఆ అదనులో, పంజాకు నొక్కులేని పురుగులు కొన్ని కనిపించాయి. మిగతా పోలికలన్నీ నొక్కున్న పాత జాతివే. అయినా కొత్త జాతి అని తేల్చేసి, దానికి అత్తగారి పేరు పెట్టింది. లోకంలో కోడళ్ళు అత్తగార్లకు చాలా పేర్లే పెట్టారుగాని, అచ్చులో, శాస్త్రోక్తంగా పెట్టింది ఈవిడొక్కతే.

పురుక్కా నా పేరు అని అత్తగారు మూతి ముడిచింది. మర్నాటికల్లా పై వాటాలో ఉండే రిటైరైన టీచరమ్మకూ, ఆవిడ ద్వారా వీధి వీధంతటికీ తెలిసింది.

ఏళ్ళు గడిచాక ఒక కొత్త బోనులో, పొర విడుస్తూ విడుస్తూ చచ్చిపోయిన పురుగొకటి వచ్చింది. పై పెంకు పంజాకు నొక్కు లేదు, అంటే అత్తగారి జాతి. చిట్లిన పెంకు కింద మెత్తటి కొత్త పంజా ఉంది. దానికి నొక్కు ఉంది. అంటే నొక్కు ఈడొచ్చాకే పడుతుంది; అత్తగారిది వేరే జాతి కాదు, పాత జాతిలోనే ఈడు రాని పిల్ల. బట్టలు మార్చుకుంటూ పట్టుబడ్డ ఆ ప్రాణి ముందు ఆవిడ తల దించుకుంది. ఆ తల ఎప్పుడూ దించుకునే ఉంటుంది కనుక ఎవరూ గమనించలేదు.

ఆ సీసాను మిగతా సీసాల వెనక్కి నెట్టింది. అప్పట్నుంచి తిండి సయించలేదు. అత్తగారు కాఫీ కలిపిస్తే దొంగసొమ్ములా తాగింది. పక్క బల్ల దగ్గర సముద్రపు నత్తలతో కాలక్షేపం చేసే పెద్దాయనకు చెప్పుకుంటే, నీ తర్వాత ఆ పంజా వైపు చూసేవాడు ఇంకా పుట్టాలమ్మా, వదిలెయ్ అన్నాడు. ఆ ఓదార్పు పుండు మీద కారంలా పనిచేసింది. ఎవరూ చూడరనే ధీమాతోనే కదా ఆనాడూ తొందరపడింది. ఆ పురుగులకు ఈడు వచ్చిందో లేదో చూసి ఉంటే సరిపోయేది. చూడలేదు. అప్పుడు ఆవిడకు కావలసింది జాతి కాదు, కానుక.

చివరికి ఒక సెలవురోజున అత్తగారిని నేలమాళిగకు తీసుకొచ్చి, మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, పై పంజా, లోపలి పంజా చూపించి అంతా చెప్పింది. అత్తగారు చాలాసేపు కన్ను తియ్యలేదు.

"అంటే నా పేరున్నది పసిపిల్లకన్నమాట."

"అవునత్తయ్యా. పెద్దయితే అది పాత జాతే. ఈ సంగతి అచ్చువేస్తే మీ పేరు ఇక చెల్లదు."

"వెయ్యకపోతే?"

"ఎవరికీ తెలీదు."

"నీకు తెలుసుగా. ఇన్నాళ్ళనుంచీ నా మొహం చూడ్డం మానేశావు. నేనేం తప్పు మాట అన్నానో అని చస్తున్నాను." అత్తగారు కళ్ళజోడు తుడుచుకుంది. "వేసెయ్. పై వాటా ఆవిడకు మాత్రం నువ్వే చెప్పాలి. నా నోటితో నేను చెప్పలేను."

వ్యాసం పంపిన సాయంత్రమే కోడలు మెట్లెక్కింది. టీచరమ్మ విని, చావు కబురు విన్నట్టు నిట్టూర్చి, పోనీ ఇంకో పురుక్కి పెట్టకూడదూ అంది. తప్పంతా నాదేనండీ, ఇంక నేనెవరికీ పేర్లు పెట్టను అంది కోడలు. కింద మెట్ల మలుపులో నిలబడి వింటున్న అత్తగారు లోపలికి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు వేసుకోబోయింది. ఆ చప్పుడు పైకి వినిపించింది.