కేసెట్‌లో గొంతు

మా బ్యాండు మళ్లీ మొదలవుతోందని ఫోన్ వచ్చినప్పుడు నేను మాదాపూర్‌లో మా హాస్టల్ వంటగదిలో నిలబడి, ఉప్మాలో ఉప్పెందుకు లేదని వంటాయన మీద అరుస్తున్నాను. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే నా గొంతు పాడవడానికి ఆ వంటగదే కారణమని మా ఇంట్లో అందరి నమ్మకం. నీళ్ల ట్యాంకరు రాకపోతే అరుపు, లిఫ్టు ఆగిపోతే అరుపు, సాఫ్ట్‌వేర్ పిల్లలు నల్లా విప్పి ఆఫీసుకు పోతే అరుపు. హాస్టల్ నడపడమంటే అరవడమే మరి.

ఫోన్ చేసింది మా గిటారిస్టు. ఇంజనీరింగ్ కాలేజీలో నా రూమ్మేటు, గుంటూరు వైపువాడు. ఇప్పుడు ఓ కంపెనీలో పెద్ద ఉద్యోగం, పుప్పాలగూడలో మబ్బులకు తగిలేంత ఎత్తున ఫ్లాటు. "ఒరేయ్, మన పాట ఆఫీసు పిల్లలు క్యాబుల్లో పెట్టుకుని వింటున్నార్రా!" అన్నాడు.

మేం చదువుకునే రోజుల్లో గిటారు, డ్రమ్ములు పట్టుకున్న ప్రతివాడూ ఇంగ్లిషు పాటలే పాడేవాడు. మేం నలుగురం మాత్రం సొంతంగా తెలుగు పాటలు కట్టుకుని, జుట్టు పెంచుకుని, అదే వాయింపుతో పాడేవాళ్లం. నవ్వేవాళ్లు నవ్వారు. మా గుర్తుగా మిగిలింది కాలేజీ పండగలో మా పాట ఎక్కించిన ఒకే ఒక కేసెట్. దాన్ని ఎవరో ఇంటర్నెట్లో పెట్టారట. మాదాపూర్‌లోనే శనివారాలు పాటల కచేరీలు పెట్టే ఒక చోటువాళ్లు అది విని మమ్మల్ని పిలిచారు.

డ్రమ్ములు వాయించినవాడికి నడుము డిస్కు జారింది, వంగితే లేవలేడు. బేస్ గిటారువాడు భక్తిలో పడ్డాడు, భజన తప్ప మరోటి వాయించనన్నాడు. వాళ్ల బదులు మా వాడు తన ఆఫీసులోంచే డ్రమ్ములకు ఒక అమ్మాయిని, బేస్‌కు ఒక అబ్బాయిని వెతికిపెట్టాడు. "నువ్వూ నేనూ ఉన్నాం కదరా, బ్యాండు పేరు పెట్టుకోవడానికి ఇద్దరు చాలు" అన్నాడు. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ రోజు వంటాయన బతికిపోయాడు.

ఆదివారం వాడి ఫ్లాటుకు వెళ్లాను. వాడు ఫోన్లో పాట పెట్టాడు, దాంతోపాటు పాడమన్నాడు. మొదటి చరణం బాగానే గడిచింది. తర్వాత పాట పైస్థాయికి ఎక్కే చోట నా గొంతు చీలి, దగ్గు వచ్చింది. వేడినీళ్లు తాగి మళ్లీ పాడాను. మళ్లీ అదే. ఫోన్లో కుర్రతనపు నా గొంతు మాత్రం హాయిగా పైకి పోతోంది. నా మీద నాకే అసూయ పుట్టింది.

"పోనీలేరా, వయసు" అన్నాడు మా వాడు. "పాడటానికి ఎవరినన్నా చూద్దాం. నువ్వు వెనక కోరస్ అందుకో."

"కోరస్ పాడనీకి పిలిచినవా నన్ను? ఆ పాట ఎవనిది రా?" అని లేచాను. లిఫ్టు కోసం ఆగకుండా మెట్ల మీదుగానే దిగాను. కింది దాకా దిగేసరికి మోకాళ్లు పట్టేశాయి, కోపం మాత్రం పిసరంతైనా తగ్గలేదు.

వాళ్లు నా బదులు ఒకడిని తెచ్చుకున్నారు. ప్రొద్దుటూరు అబ్బాయి, రాయదుర్గంలో ఉద్యోగం. అతనికి కొంచెం నేర్పిపెట్టమని మా వాడు బతిమాలాడు. పోనన్నాను. ఆ మాట అన్న వారానికే చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే మా ఆవిడ చూసింది.

"పోను పోను అంటివి. ఎందుకు పోవుడు, పరేషాన్ అవుడు?"

"నేర్పనీకి పోతున్న."

"నేర్పనీకి పోయేటోనికి గింత సెంటెందుకు?" అంది.

మాదాపూర్ సందులో ఒక జిరాక్సు షాపు మీద ఉంది మా రిహార్సల్ గది. గోడలకు స్పంజి అంటించి, గంటల లెక్కన అద్దెకిస్తారు. ఆ అబ్బాయి నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. "అన్నా, మీ పాట వినే నేను పాడేది నేర్చుకున్నా. అంత పైకి పోయినప్పుడు మీరు ఊపిరి యాడ తీసుకుంటారో నాకు ఇప్పటికీ అంతుపట్టల్యా" అన్నాడు. అతని మీద కోపం తెచ్చుకుందామని వెళ్లినవాణ్ని, ఏం చేయను? "అప్పట్ల అట్ల అయిపోయేది" అన్నాను గొప్పగా. నిజానికి ఎక్కడ తీసుకున్నానో నాకూ గుర్తు లేదు.

మా వాడు గిటారు ఎత్తాడు. ఎన్నో ఏళ్లుగా ముట్టని పాట, వేళ్లు మాత్రం మర్చిపోలేదు. అబ్బాయి అందుకున్నాడు. అందుకోగానే డ్రమ్ముల అమ్మాయి మొహం చిట్లించింది. గిటారు ఒక చోట ఉంది, పాట ఇంకో చోట ఉంది.

"శృతి తక్కువుందన్నా" అన్నాడు అబ్బాయి మెల్లగా.

"ఈ పాట కట్టిందే నేను బాబూ" అన్నాడు మా వాడు. "నా వేళ్లకు తెలియదా?"

"రికార్డింగులో ఇంతకంటే రెండు మెట్లు పైన ఉందన్నా. నేను రోజూ దాంతోనే పాడతాండా."

ఫోన్లో పాట పెట్టి, పక్కన గిటారు వాయించి చూశారు. అబ్బాయి చెప్పిందే నిజం. మా వాడు కళ్లు చిట్లించి కాసేపు విన్నాడు. పాట మొదట్లో అడుగు తీగను నొక్కకుండా ఖాళీగా మోగిస్తాడు. ఖాళీ తీగ అంత పైన మోగదు. "నేను దీన్ని ఎప్పుడూ ఇంత పైన వాయించలేదురా" అన్నాడు. తీగల్ని పైకి బిగించామేమో అన్నాను. అంత బిగిస్తే తెగిపోతాయన్నాడు. 

నాకు అప్పుడు గుర్తొచ్చింది. కాలేజీ పండగ రోజు కరెంటు లేదు. వేదికకు జనరేటరు పెట్టారు కానీ, పాట ఎక్కించిన టేప్‌రికార్డరు మా కాలేజీ హాస్టల్‌ది. ముందు వరుసలో కుర్చీ మీద పెట్టి, సెల్లుల మీద నడిపాం. కొత్త సెల్లులు కొనే బుద్ధి ఎవడికుంది! అయిపోయిన సెల్లులనే పొద్దున్నుంచీ పిట్టగోడ మీద ఎండబెట్టి, కాస్త కొరికి, అందులో వేశాం. అప్పట్లో అందరం చేసే పనే అది.

"దొంగసచ్చినోళ్లారా!" అన్నాను, ఎవరినన్నానో నాకే తెలియదు. సెల్లులు నీరసిస్తే టేపు మెల్లగా తిరుగుతుంది. మెల్లగా తిరుగుతున్నప్పుడు ఎక్కించిన పాటను మంచి కరెంటు మీద వేస్తే ఉరుకుతుంది. ఉరికితే గొంతు పైకి లేస్తుంది. కేసెట్‌లో అంత పైకి పాడినవాడు అసలు ఎన్నడూ లేడు. ఇన్నేళ్లూ నేను పోగొట్టుకున్నాననుకుని ఏడ్చిన గొంతు నాది కానే కాదు.

"మన అసలు శృతిలోనే పాడు చూద్దాం" అన్నాడు మా వాడు గిటారు సర్దుకుంటూ. పాడాను. పైకెక్కే ఆ చోటు వచ్చింది. గొంతు చీలలేదు. కొంచెం గరగరలాడింది కానీ నిలబడింది. ఏడుపొచ్చింది నాకు. ఆ స్పంజి గదిలో, నా పిల్లల వయసు వాళ్ల ముందు, సిగ్గు లేకుండా ముక్కు చీదుకున్నాను. మా వాడూ అంతే.

ఆ అబ్బాయి నీళ్ల సీసా సంచిలో పెట్టుకుంటున్నాడు. "ఇంక మీరే పాడండన్నా" అన్నాడు. కచేరీ సంగతి వాళ్ల ఆఫీసంతా చెప్పుకున్నాడట. జాలేసింది. అయినా చేతిలోని మైకు పక్కన పెట్టలేదు నేను. చివరికి మా వాడే తీర్పు చెప్పాడు, మిగతా పాటలన్నీ అబ్బాయివి, ఆ ఒక్కటీ నాది, మా శృతిలోనే.

శనివారం సాయంత్రం కచేరీ చోటు కిక్కిరిసింది. మెడల్లో కంపెనీ కార్డుల పట్టీలు తీయకుండానే వచ్చిన పిల్లలు, వాళ్ల మధ్య నెరిసిన తలలతో మా కాలేజీవాళ్లు. మా ఆవిడ పట్టుచీర కట్టుకుని వచ్చి, ఇంత శబ్దమేందని పక్కవాళ్లను అడిగి మరీ చెవుల్లో దూది పెట్టుకుంది. అబ్బాయి ఎంత బాగా పాడాడని! ఒప్పుకోక తప్పదు. డ్రమ్ముల అమ్మాయి వాయిస్తుంటే బల్లల మీద గ్లాసులు అదిరాయి.

తర్వాత నా పాట. గిటారు వినబడగానే పిల్లలంతా కేక పెట్టి ఫోన్లు పైకెత్తారు. నేను అందుకున్నాను. మొదటి చరణం అయ్యేసరికి ఒక్కొక్క ఫోనూ దిగిపోయింది. "అంకుల్, జర స్పీడ్!" అని ఎవడో అరిచాడు, పక్కవాళ్లు నవ్వారు. నేను ఆగలేదు. పైకెక్కే చోటుకు వచ్చాను, దాటాను, పాట పూర్తి చేశాను. చప్పట్లు కొట్టారు, రిటైరైన మాస్టారికి సన్మానంలో కొడతారు చూడండి, అలాగ. అవి ఆగకముందే వెనకనుంచి మొదలైంది. "ఒరిజినల్! ఒరిజినల్ పాడాలి!"

అబ్బాయి నా వైపు చూశాడు. అప్పటిదాకా పొగరుగానే నిలబడ్డాను. ఆ పిల్లల తప్పేముంది? వాళ్లు ప్రేమించిన పాట అది. "పాడు బిడ్డా" అని మైకు ఇచ్చి దిగిపోయాను.

అతను రెండు మెట్లు పైన అందుకున్నాడు. జనం కుర్చీల మీదికెక్కారు. మా కాలేజీవాడొకడు పరుగున వచ్చి నన్ను కౌగిలించుకుని, "అచ్చం అప్పట్ల నువ్వు పాడినట్టే పాడుతుండు రా!" అని మళ్లీ గుంపులోకి ఉరికాడు. నేను రెండడుగుల దూరంలోనే ఉన్న మా ఆవిడ పక్కన కూలబడ్డాను.

ఆమె చెవుల్లో దూది లేదు. ఎప్పుడు తీసిందో.

"మీ దోస్తు చెప్పేది అబద్దం" అంది. "నువ్వు గిట్ల ఎన్నడు పాడలే. గా పండుగ దినం కాలేజీల నేను ఆడోళ్ల వరుసల కూసున్న గద. పెండ్లయినంక మీ ఇంట్ల గా కేసెట్ వింటే, ఇదెవరో వేరేటోడు అనిపిచ్చింది. నేను గా పాట ఇంట్ల ఒక్కనాడన్న పెట్టుకున్ననా?"

పెట్టుకోలేదు. నా పాటంటే నీకు లెక్కే లేదని నేను ఎన్ని గొడవలు పెట్టుకున్నానో!

"మరి ఇన్నేండ్లు చెప్పకపోతివేందే?"

"అందరు మెచ్చుకుంటుంటే నువ్వు మురుస్తుంటివి. ఎట్ల చెప్పాలె? నాకు యాదికున్నది, సాలనుకున్న." కొంగుతో నా మెడ మీది చెమట తుడిచింది. "ఇయ్యాల మల్ల విన్న."