హమారా ముదీర్

పోచన్నకు ఇంగ్లీషు చదవడం రాదు. కానీ ఇంగ్లీషు అక్షరాలను అంత లావుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కించి రాసేవాణ్ని మస్కట్‌లో నేనింకొకణ్ని చూడలేదు. ఇద్దరిదీ మెట్‌పల్లే. తొంభై మూడులో రుసైల్‌లో నీళ్ల ట్యాంకులు చేసే కంపెనీలో ఉండేవాళ్లం. నేను వెల్డర్ని, అతను స్ప్రే పెయింటర్. రోజంతా ట్యాంకుల్లోకి దూరి బూడిదరంగు కొట్టేవాడు. ఆ పొగ పీల్చీ పీల్చీ, దగ్గితే రక్తం పడేది.

శుక్రవారం సెలవొస్తే మత్రా బజారుకు పరుగు. అక్కడ హైదరాబాదీ ఇనాయత్ భాయ్‌కి క్యాసెట్ల దుకాణం ఉండేది. ర్యాప్, ఫంక్, రాక్, ఏది పెట్టినా పోచన్న కౌంటర్ మీద దరువేసేవాడు. "గీడు పాడుతలేడు రా భూమేశ్, తిడుతున్నడు. తిట్టుకుంటనే తాళం తప్పుతలేడు సూడు!" అని మురిసిపోయేవాడు. క్యాసెట్ అట్టల మీది గోడబొమ్మలు చూసి ఆ రాత పట్టేశాడు. ఇనాయత్ దుకాణం షట్టర్ మీద బూట్లు తొడిగిన కోడిపుంజు మైకు పట్టి కూస్తున్నట్టు వేస్తే బజారంతా ఆగి చూసింది.

మా ఫోర్‌మన్ తౌసీఫ్‌కు నోటికన్నా ముందు చెయ్యి లేచేది. రూమ్‌లో పాట వినబడితే టేప్ రికార్డర్‌ను నేలకేసి కొట్టేవాడు. అడ్డమొచ్చిన ఒకడి చెవి పగలగొట్టాడు. మేం కిక్కురుమనలేదు.

అలాంటివాడికి కొత్త ముదీర్, అంటే మేనేజర్, వస్తున్నాడనగానే కళాభిమానం పుట్టుకొచ్చింది. వచ్చేది నిజ్వా ఊరి అరబ్బు, హిందీ ముక్క రాదు. "మెస్ గోడ మీద బొమ్మ వెయ్. హమారా ముదీర్ జిందాబాద్ అని ఇంగ్లీషులో రాయ్. ఆయనకు నచ్చితే బోర్డు పెయింటర్ పోస్టు నీదే" అన్నాడు పోచన్నతో. ఆ మాట విన్నది మేమిద్దరమే. ఆ పోస్టొస్తే ట్యాంకుల్లో దూరే బాధ తప్పుతుంది, ప్రాణం దక్కుతుంది. పదో తరగతి పాసైన పెద్దమనిషిని నేనే కదా, స్పెల్లింగ్ కాగితమ్మీద రాసిచ్చాను.

మూడు రోజుల్లో గోడకు ప్రాణం వచ్చింది. ట్యాంకులు డ్రమ్ములయ్యాయి, పైపులు గిటార్లయ్యాయి, హెల్మెట్ల మనుషులు తలకిందులుగా తిరుగుతూ ఆడుతున్నారు. మధ్యలో ఎర్రటి అక్షరాలు. అవి ఎంత లావంటే రెండు మాటలకే గోడ అయిపోయింది. జిందాబాద్‌కు చోటు లేదు.

ముదీర్ వచ్చే రోజు తౌసీఫే పిలిపిస్తే ఇనాయత్ స్పీకర్లు తెచ్చి ర్యాప్ పెట్టాడు. ముదీర్ నవ్వుకుంటూ వచ్చాడు. గోడ మీది అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. మొహం నల్లబడింది. అరబ్బీలో హమారాలా పలికే మాటకు అర్థం ఆడగాడిద. జిందాబాద్ లేని గోడ మీద మిగిలింది గాడిద మేనేజర్.

"ఎవరు రాయమన్నారు?" అని ముదీర్ అరబ్బీలో గద్దించాడు.

"వీడే సార్, సొంతంగా రాశాడు" అన్నాడు తౌసీఫ్.

పోచన్న నా వైపు చూశాడు. ఆ ఆర్డర్ విన్నవాణ్ని నేనొక్కణ్నే. నా వీసా గుర్తొచ్చింది. తల దించుకున్నాను.

తౌసీఫ్ ఇనప పైపు అందుకున్నాడు. మొదటి దెబ్బ భుజం మీద, రెండోది మోకాలి మీద. కిందపడ్డవాడి కుడిచేతిని బూటుతో తొక్కిపట్టి మూడోది వేళ్ల మీద కొట్టాడు. ఎముకలు విరిగిన చప్పుడు అంత పాటలోనూ వినబడింది. అయినా ఆపలేదు, ఇంకో రెండు వేశాడు.

ఇనాయత్ అడ్డంపడి అరబ్బీలో అరిచాడు. "మా భాషలో హమారా అంటే మాది అని! మా మేనేజర్ అని రాశాడయ్యా!"

ముదీర్ మళ్లీ గోడ చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. బొమ్మ బ్రహ్మాండమన్నాడు. బోర్డు పెయింటర్ పోస్టు ఇతనికే అన్నాడు. తౌసీఫ్‌ను ఒక్క మాటా అనలేదు.

ఆ వేళ్లు ఇక వంగవని ఆస్పత్రిలో డాక్టర్ చెప్పాడు. బ్రష్షు పట్టలేని పెయింటర్‌ను కంపెనీ ఊరికి పంపేస్తుందని మా ఇద్దరికీ తెలుసు.

"స్పెల్లింగ్ నేనే రాసిచ్చిన. మాఫ్ చెయ్ పోచన్నా" అని మంచం పక్కన ఏడ్చాను.

అతను ఎడమ చేత్తో లాగి ఒక్కటిచ్చాడు. నా పెదవి చిట్లింది.

"గీ దెబ్బ స్పెల్లింగుకు గాదు" అన్నాడు. "నోరు మూస్కున్నందుకు."