వరసలో రాని మాట

ఆత్మకూరులో ఉదయగిరి బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని మాటలు వల్లె వేస్తున్నాను. సీపీయూ, ర్యామ్, హైపర్‌వైజర్, వీఎం, స్నాప్‌షాట్. ఒక్క కంప్యూటర్‌లో పది కంప్యూటర్లు నడిపే పనికి సంబంధించిన మాటలవి. లోపల నడిచే ఒక్కోదాన్ని వీఎం అంటారు. ఇంటర్వ్యూలో అన్నీ గడగడా చెప్పాలి. ఒప్పజెబుదామంటే నా గదిలో వినేవాళ్లు లేరు.

పక్కసీట్లో గొర్రెలు కాసే అవ్వ ఒకామె ఉంది. ఒళ్లో రెండు రోజుల గొర్రెపిల్ల. నేను మూడోసారి చెప్పుకునేసరికి నా మోచెయ్యి తట్టింది.

"ఒకటి తప్పిపోయిండాది అబ్బయా. ఆ పొడుగు మాట యెనకాల చిన్నది రావాల గదా, రాలా."

నిజమే. హైపర్‌వైజర్ తరవాత వీఎం మరిచిపోయాను.

"లెక్కపెట్టినావా అవ్వా?"

"నాకు లెక్కలేడ వస్తాయిరా? ఏది దేని యెనకాల నడస్తాదో సూసుకుంటా. మందలో ఒకటి రాకపోతే, దాని ముందర నడిచేది ఒంటిగా అగపడతాది."

మళ్లీ చెప్పమంది. చెప్పాను. తల ఊపి, ఉదయగిరి రాకముందే ఒక గొర్రెలదొడ్డి దగ్గర దిగిపోయింది.

ఉద్యోగం వచ్చింది. చల్లటి గదిలో నలభై వీఎంలను ఒక్కణ్ణే చూసుకుంటాను. ఏ ఒక్కటి ఆగినా తెరమీద ఎర్రగా వెలుగుతుంది.

పోయిన నెల జ్వరమొచ్చి మూడు రోజులు వెళ్లలేదు. నాలుగోరోజు వెళితే ఎవరూ ఏమీ అడగలేదు. కుర్చీలో కూర్చుని, నా ముందర నడిచేది ఎవరా అని చాలాసేపు ఆలోచించాను.