మామయ్యగారు వేసిన కుక్క ఎస్టిమేటు

కైకలూరు అవతల మా అన్నయ్యకి నాలుగు చేపల చెరువులున్నాయి. ఓ ఆదివారం మా ఆయనా నేనూ అక్కడికి వెళ్ళినప్పుడు, గట్టు మీద తిరుగుతున్న గోధుమరంగు ఆడ కుక్కపిల్ల ఒకటి నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని వదల్లేదు.

"నచ్చితే పట్టుకుపోవే. ఇక్కడ ఇంకా ఐదున్నాయి," అన్నాడు అన్నయ్య.

కుక్కని పెంచుకోవాలని నాకు చిన్నప్పటినుంచీ కోరిక. మా ఆయన మాత్రం "నాన్నగారిని ఓ మాట అడగాలి" అన్నారు. తాడేపల్లిగూడెం ఆఫీసులో ఫైళ్ళన్నీ ఒంటిచేత్తో తేల్చే మనిషి, ఇంట్లో గుమ్మానికి కర్టెను మార్చాలన్నా వాళ్ళ నాన్నగారి వైపే చూస్తారు.

మా మామయ్యగారు సహకార సంఘంలో సెక్రటరీగా చేసి రిటైరయ్యారు. ఏలూరులో మాతోనే ఉంటారు. కుక్క అనగానే ఆయన ఔననలేదు, కాదనలేదు. కళ్ళజోడు పెట్టుకుని, పాత క్యాలెండరులో ఓ కాగితం చింపి, వెనకవైపు స్కేలుతో గీతలు కొట్టారు.

"ప్రాణంతో పనమ్మా. ఖర్చు తేల్చుకోకుండా తెచ్చి, రేపు వీధిలో వదిలేస్తే పాపం," అన్నారు.

ఆ ఎస్టిమేటుకి ఒక పూటంతా పట్టింది. తిండి: అన్నయ్య పంపే చేపల తలకాయలు, ఉచితం. పడక: మెట్ల కింద చోటు, ఉచితం. గొలుసు: వాడకం మానేసిన బావి చేంతాడు, ఉచితం. వైద్యం: పశువుల ఆసుపత్రి, ఉచితం. చివర "ఇతరములు" అని రాసి, నెలకి రెండొందలు వేసి, కింద సంతకం చేశారు. ఆ పై ఆదివారం కుక్క మా ఇంటికి వచ్చింది.

మొదటిరోజే శీలావతి చేప తలకాయ పసుపేసి ఉడకబెట్టి దాని ముందు పెట్టాను. వాసన చూసింది. నాలుగడుగులు వెనక్కి వేసి, అటు తిరిగి కూర్చుంది. భయపడి అన్నయ్యకి ఫోన్ చేస్తే పడీపడీ నవ్వాడు.

"చెరువు గట్టున పుట్టిందే అది! చేపంటే దానికి మొహం మొత్తిపోయింది. మా కాపలా ఆయన పెరుగన్నం పెట్టి పెంచాడు."

పాలామెని రోజూ ఇంకో అరలీటరు పోయమన్నాం. మామయ్యగారు ఆ పాలు "ఇతరములు"లో రాశారు. రెండొందలూ ఎనిమిదో రోజుకే అయిపోయాయి.

తర్వాత ఇంజెక్షను. నేనూ మామయ్యగారూ కుక్కతో రోడ్డు మీదికొచ్చి ఆటో ఆపాం.

"మనిషికి ఇరవై అండీ. కుక్కకి నలభై," అన్నాడు ఆటో అతను.

"అదేవిటయ్యా, నా ఒళ్ళోనే కూర్చుంటుంది కదా?" అన్నారు మామయ్యగారు.

"కూర్చుంటుందండీ. కూర్చుని ఏం చేస్తుందో, దానికండీ ఆ నలభై."

ఆసుపత్రి ఇంకా కనబడకముందే, ఇస్త్రీ చేసిన మామయ్యగారి పంచె మీద ఆ పని జరిగిపోయింది. ఆయన అడిగినంతా ఇచ్చేశారు.

ఇంజెక్షను నిజంగానే ఉచితం. కానీ డాక్టరుగారు నులిపురుగుల మందు, గోమార్ల పౌడరు, ఇంకో టీకా చీటీ మీద రాసి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను కూడా చేయించాలన్నారు.

"అది మా ఎస్టిమేటులో లేదండీ. ఇప్పట్లో చేయించకపోతే ఏవవుతుందండీ?" అన్నారు మామయ్యగారు ఆశగా.

"ఏవీ అవదండీ. అప్పుడు ఏడు కుక్కలకి ఎస్టిమేటు వేసుకోవాలంతే."

ఇవన్నీ ఎలాగో సర్దుకున్నాం. సర్దుకోలేనిది ఆ నెలాఖరున జరిగింది. మామయ్యగారు మధ్యాహ్నం పడుకునేటప్పుడు కట్టుడు పళ్ళు తీసి, నీళ్ళ గ్లాసులో వేసి కిటికీలో పెడతారు. నేను టీచరుగా చేసే బడికి ఆ రోజు సెలవు, ఇంట్లోనే ఉన్నాను. పక్కింటావిడ కేకలు విని పెరట్లోకి పరిగెత్తితే, కుక్క మనిషిలా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ నాకేసి వస్తోంది. లాక్కునేలోపు సెట్టు రెండు ముక్కలైంది.

కొత్త సెట్టుకి పదిహేను రోజులు పడుతుందన్నారు పళ్ళ డాక్టరు. ఆయన చెప్పిన ఖర్చుతో మా కుక్కకి మూడేళ్ళు పెరుగన్నం పెట్టొచ్చు.

ఆ రోజుల్లో మామయ్యగారికీ కుక్కకీ ఒకే గిన్నెలో మెత్తగా పెరుగన్నం కలిపేదాన్ని. ఆయన కుర్చీలో, అది కుర్చీ పక్కన, ఒకే వేళకి తినేవాళ్ళు. పళ్ళు లేక ఆయనకి చాలా మాటలు నోరు తిరిగేవి కావు. "కుక్క" అన్నది మాత్రం స్పష్టంగా పలికేది. అందుకో ఏమో, రోజంతా దాన్నే పిలుస్తూ ఉండేవారు.

ఇదంతా మా ఆయనకి పట్టలేదు. తండ్రి పళ్ళు పోయిన కోపం ఆయనది. ఆదివారం ఏలూరు వచ్చిన అన్నయ్య చేపల వ్యానులో కుక్కని ఎక్కించి పంపేశారు. నేను ఏడ్చాను. మామయ్యగారు ఆ పూట పెరుగన్నం సగం వదిలేశారు.

సోమవారం సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం ఉంది. తీసి చూస్తే లోపల మామయ్యగారి ఫోను ఉంది, గొడుగూ చెప్పులూ లేవు. మా ఆయనకి ఫోన్ చేస్తే రైల్లో ఉన్నానన్నారు. వీధి చివరిదాకా నాలుగుసార్లు వెళ్ళొచ్చాను. చీకటి పడుతుండగా మా ఆయన రావడం, ఎవరిదో ఆటో గుమ్మం ముందు ఆగడం ఒకేసారి జరిగాయి. ఆటోలోంచి ముందు కుక్క దిగింది. దాని మెడకి కట్టిన కండువా పట్టుకుని వెనకాల మామయ్యగారు దిగారు.

"బస్సులో ఎక్కనివ్వలేదమ్మా," అన్నారు, బోసినోటితో.

"కైకలూరు నుంచి ఆటోలోనా మామయ్యగారూ! ఎంతయింది?"

"ఎంతైతేనేం. పెన్షను నాది."

మా ఆయన కంగారుగా పర్సు తీశారు. ఆటో అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"పెద్దాయన ఇచ్చేశారండీ. దారిలో కొల్లేరు దగ్గర ఆపించి దానికి పెరుగు ప్యాకెట్టు కూడా కొన్నారండీ."

మామయ్యగారు అరుగు మీద కూలబడి, "ముందు దానికి నీళ్ళు పెట్టండర్రా," అన్నారు. మా ఆయన తండ్రినీ కుక్కనీ కాసేపు చూసి, బూట్లు విప్పకుండానే లోపలికి వెళ్ళి గిన్నెతో నీళ్ళు తెచ్చారు.