కాపిస్ అనే మాట, తునికి మొదళ్లు

మొన్న కామారెడ్డిలో ఫారెస్టు ఉద్యోగాల పరీక్షకు చదువుతున్న మా అమ్మాయి, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే కాపిస్ అంటే ఏంది బాపూ అని అడిగి, నేను గొంతు సవరించుకునేలోగా ఫోనులో రెండు ముక్కలు చూసుకుని పేజీ తిప్పేసింది. ఆ మాట తెలుసుకోవడానికి నాకు ఒక ఎండాకాలం పట్టిందని దానికి చెప్పే సందు దొరకలేదు కాబట్టి మీకు చెబుతున్నాను.

రెండువేల పదకొండులో, ముప్పై దాటాక, ఎల్లారెడ్డి వైపు ఫారెస్టు బీటు ఆఫీసరుగా కొత్తగా చేరాను. పుట్టి పెరిగింది కామారెడ్డి బజారులో. అడవి అంటే బస్సు కిటికీలోంచి చూసిందే. అయినా శిక్షణలో ఇంగ్లీషు మాటలన్నీ బట్టీ పట్టిన గర్వం మాత్రం దండిగా ఉండేది. కాపిస్ అంటే మొదలంటా నరికితే మళ్లీ చిగురించే పొద అనీ, అలా నరికే పద్ధతికీ అదే పేరనీ, పాత ఫ్రెంచిలో నరకడం అనే మాట నుంచి వచ్చిందనీ, ఇంకా వెనక్కి పోతే దెబ్బ అనే అర్థం తేలుతుందనీ నిద్రలో లేపినా అప్పజెప్పేవాణ్ణి.

శివరాత్రి ముందు ఒక పొద్దున, అడవి గట్టు మీద ఊరి ఆడవాళ్లు తునికి పొదలను నేలమట్టంగా కొడుతుంటే చూసి, అడవిని నాశనం చేస్తున్నారని మండిపడి, గొడ్డళ్లన్నీ గుంజుకుని నా గదిలో పెట్టి తాళం వేశాను. బీడీల ఆకు కోసం ఏటా చేసే పని అది, వాళ్ల ఎండాకాలమంతా ఆ ఆకు మీదే గడవాలి. నోటికి వచ్చిన పాఠం కళ్ల ముందు జరుగుతుంటే గుర్తుపట్టలేదు నేను.

పది రోజులు వాళ్లు వచ్చి బతిమాలినా బెట్టు దిగలేదు. చివరికి వాళ్లలో పెద్దదైన ఒక అవ్వ ఏమీ అడగకుండా నా చెయ్యి పట్టుకుని, పక్క ఊరివాళ్లు ముందే కొట్టిన గట్టుకు నడిపించింది. మొదళ్ల చుట్టూ ఎర్రటి లేత చిగుళ్లు. "దెబ్బ పడకుంటే కొత్తాకు రాదు బిడ్డా, పాతది ముదిరి బొక్కలు పడ్తది, దాన్ని ఎవ్వలు కొనరు" అన్నది. ఏ బడి మెట్టూ ఎక్కని అవ్వ నోట, నా పాఠం చిట్టచివర ఉన్న ఆ దెబ్బ అనే మాటే వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రమే గొడ్డళ్లు మోసుకెళ్లి ఇంటింటికీ ఇచ్చి, మరునాడు వాళ్లతో పాటు నేనూ కొట్టాను, అరచేతులు బొబ్బలెక్కాయి.

పోయిన పది రోజులు మాత్రం తిరిగి రాలేదు. మా గట్టు ఆకు కోతకు వచ్చే వేళకు వాన ముందే పడి, ఆకు కొనే కల్లం ఎత్తేశారు. ఆ ఏడు అవ్వ ఇంటిల్లిపాదీ మట్టిపనికి వలస పోవాల్సి వచ్చింది. నన్ను తిట్టినా బాగుండేది. బయలుదేరే ముందు కొంగులో తునికి పండ్లు తెచ్చి నా బల్ల మీద పోసి, పట్నంల పెరిగినోనివి, నీకేమెర్క అని నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

అవ్వ చనిపోయి చాలా ఏళ్లయింది. కోడళ్లు ఆటోలెక్కి కామారెడ్డి దుకాణాల్లో పనికి పోతున్నారు. వాళ్లకు అదే నయం, కాదనను. గట్టు మీద తునికి నిలువెత్తు పెరిగి, ఆకు తోలులా బిరుసెక్కి, ఎవరికీ పనికిరాక రాలిపోతుంటుంది. గస్తీకి ఎక్కినప్పుడల్లా ఒక్క గొడ్డలి చప్పుడైనా వినబడుతుందేమోనని కాసేపు నిలబడతాను. అడవి కాపలావాడు కోరదగిన కోరిక కాదది, నాకు తెలుసు.