చిలకపచ్చ గిటారు ఖరీదు

డిగ్రీ చేతికొచ్చి, మొదటి జీతం ఇంకా చేతికి రాని వయసులో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. నాకైతే బొత్తిగా ఉండేది కాదు. ఆ రోజుల్లో నేను హిందూపురంలో పాత మోటారు సైకిళ్ల మీద అప్పులిచ్చే ఒక ఆఫీసులో బండ్లకు ధర కట్టే పనిలో ఉండేవాణ్ణి. పొద్దున్నే రైలెక్కి పెనుకొండలో రెండు బండ్లు, ధర్మవరంలో మూడు బండ్లు చూసి, టైర్లను కాలితో తన్ని, కళ్లు సగం మూసుకుని ఒక అంకె చెప్పేవాణ్ణి. (కళ్లు సగం మూయడం మా మేనేజరు నేర్పిన విద్య. పూర్తిగా తెరిస్తే మనకేమీ తెలియదని ఎదుటివాడు కనిపెట్టేస్తాడట.) ఆ ఉద్యోగంలో నేర్చుకున్న శాస్త్రమంతా ఒక్క ముక్కలో చెప్పొచ్చు: రంగేసిన బండి ఐదు వేలు ఎక్కువ పలుకుతుంది. ఇది నేను కనిపెట్టింది కాదు. మా వైపు సంతకు తోలే ముందు ఎద్దు కొమ్ములు చెక్కి రంగు పూస్తారు, అమ్మే ముందు ట్రాక్టరుకు రంగు కొడతారు, చూడడానికి ఎవరైనా వస్తున్నారంటే గోడకు సున్నం వేస్తారు. దేన్నైనా ఉన్నదున్నట్టు చూపించడం మా దగ్గర మర్యాద కాదు.

పెనుకొండలో మా చిన్నాయన ఉండేవాడు. పెళ్లికి ముందు ధర్మవరంలో ఒక ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటారు వాయించిన మనిషి. గిటారు జపానుది. బెంగళూరులో ఎవరో ఊరొదిలి పోతూ అమ్మితే కొన్నాడట. నాకు ఊహ తెలిసేనాటికే అది పాతది. తేనెరంగు చెక్క, పొట్ట మీద తీగల పక్కన ఒక తెల్ల ప్లాస్టిక్ రేకు, తల మీద బంగారు అక్షరాల్లో కంపెనీ పేరు, ఒళ్లంతా గీతలు. బండి మీద నుంచి పడి చిన్నాయన ఎడమచేతి వేళ్లు రెండు మడత పడడం మానేశాక అది బీరువా మీదికెక్కింది. ఆయన కూతురు, అంటే మా చెల్లెలు, అప్పుడు ఇంటర్ చదువుతూ చర్చిలో కీబోర్డు వాయించేది. ఆ చర్చి కీబోర్డులో మూడు మెట్లు పలికేవి కావు. ఆ మూడింటికీ చెయ్యి తగలకుండా ఏ పాటనైనా చుట్టు తిప్పి వాయించడం దానికి అలవాటైపోయింది. వినేవాళ్లు కూడా పాటలు అట్లాగే ఉంటాయనుకునేవాళ్లు. క్రిస్మస్ లోపల దానికి సొంతంగా ఒక కొత్త కీబోర్డు కొనివ్వాలని, అందుకోసం గిటారు అమ్మేయాలని చిన్నాయన తీర్మానించాడు. బెంగళూరులో పాత గిటార్లు కొనే ఒక సారును ఇంటర్నెట్లో పట్టింది నేనే. ఫోటోలు చూసి ఆయన, "రంగు కంపెనీదే అయితే ఎనభై వేలు. ఆదివారం వచ్చి చూసి చెప్తాను" అన్నాడు.

గీతలతోనే ఎనభై అంటే, గీతలు పోతే ఎంత? సగం మూసిన నా కళ్లకు లక్ష కనిపించింది.

"హిందూపురంలో తీగలు మార్పించుకోని రారా. ఇంగేం చెయ్యొద్దు" అని చిన్నాయన గిటారును నా చేతికిచ్చాడు. ఆ రెండో మాటను నేను మొహమాటం కింద జమ కట్టాను. తీగలు మార్పించే దారిలో లారీలకు రంగులేసే షెడ్డు దగ్గర ఆగాను. అక్కడి పెద్దాయనను అందరూ తామరపువ్వు మేస్త్రి అనేవాళ్లు. ఏ లారీకి రంగేసినా ఎక్కడో ఒక చోట తామరపువ్వు వేయకుండా వదలడు.

"ఇదేందబ్బా, వీణా?" అన్నాడు.

"గిటారు. అమ్మడానికి. కొత్తదాని మాదిరి కావాలి."

"లారీకైతే నేను బంపరు కాడ మొదలుపెడ్తా. దీనికి బంపరు యాడుండాది?" అని ఒకసారి తిప్పి చూసి, "ఏం కలరు?" అన్నాడు.

"నీ ఇష్టం" అన్నాను. (ఏ పెయింటరుతోనూ అనకూడని మాట అదొక్కటే.)

శనివారం వెళ్లేసరికి గిటారు చిలకపచ్చగా, నిగనిగలాడుతూ, మొహం చూసుకుని తల దువ్వుకునేలా ఉంది. ప్లాస్టిక్ రేకును మేస్త్రి విప్పలేదు. లారీ అద్దానికి చేసినట్టు పేపరు అంటించి చుట్టూ కొట్టేశాడు. తల మీద మాత్రం కంపెనీ పేరు ఉండాల్సిన చోట గులాబీరంగు తామరపువ్వు ఉంది.

"ఈడ పేరుండాల కదా?"

"పాత పేరప్పా, సగం చెరిగిపోయిండె. గీకేసి పువ్వేస్తి. దానికి దుడ్లు వద్దులే."

రైల్లో దాన్ని సంచీలోంచి తీసి చూసుకుంటుంటే ఒకావిడ ప్రేమగా నిమిరి, "బో బాగుండాది, పిల్లోనికా?" అని అడిగింది. దాన్ని నేను మెచ్చుకోలుగానే తీసుకున్నాను. చిన్నాయన మాత్రం సంచీ జిప్పు తీసి చాలాసేపు చూశాడు. తిడతాడేమో, కౌగిలించుకుంటాడేమో అని రెండింటికీ సిద్ధంగా నిలబడ్డాను. ఆయన ఒక్కటే అడిగాడు: "ఆ తెల్ల రేకు విప్పినారా?" లేదన్నాను. "సరే" అని జిప్పు వేసేశాడు. ఆ మనిషి మాటల పొదుపు నాకు ముందునుంచీ తెలుసు కాబట్టి అనుమానం రాలేదు.

ఆదివారం చర్చి వదిలాక బెంగళూరు సారు వచ్చాడు. చెల్లెలు దుకాణం వాళ్లిచ్చిన కీబోర్డు బొమ్మ కాగితాన్ని చేతిలో పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. సారు జిప్పు తీశాడు. "అయ్యయ్యో, ఏన్రీ ఇదు!" అని కన్నడంలో మొదలుపెట్టి, తేరుకుని తెలుగులోకి వచ్చాడు. "ఎవరు చేసింది?"

"నేనే చేయించాను సార్" అన్నాను, బహుమతి పుచ్చుకునేవాడి గొంతుతో.

"ఆ గీతలకే కదండీ నేను ఎనభై ఇస్తానన్నది! పాత గిటారుకు మొదటి రంగే ప్రాణం. మళ్లీ రంగేస్తే ధర సగమే."

నా కళ్లు పూర్తిగా తెరుచుకున్నాయి. తలుపు దగ్గర చెల్లెలు చేతిలోని కాగితాన్ని రెండు మడతలు వేసింది. నన్ను ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది. ఎవరూ తిట్టలేదు. సారు జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, "లోపలైనా అంతా కంపెనీదేనా చూస్తాను" అని తెల్ల రేకు విప్పాడు.

రేకు కింద చెక్క నీలంగా ఉంది. మంచి, ముదురు, నెమలి మెడ నీలం.

సారు అంచులో గోటితో గీకి చూశాడు. పైన చిలకపచ్చ, దాని కింద తేనెరంగు, అడుగున నీలం. "ఇది రెండో పెయింటు కాదు, మూడోది. ఆ తేనెరంగు కంపెనీది కాదు. దాన్నెవరు వేయించారు?"

గదిలో అందరూ అలవాటు కొద్దీ నావైపే చూశారు. అప్పటికి నేను పుట్టానో లేదో లెక్క వేసుకుంటుండగా చిన్నాయన గొంతు సవరించుకున్నాడు.

"నేనే సార్. పెండ్లికి ముందర. మా మామ చర్చిలో పెద్దమనిషి. ఇల్లు చూసేదానికి వస్తాండారంటే భయమేసె. నీలం గిటారు చూస్తే వీడు ఆర్కెస్ట్రావాడు, నిలకడ లేనోడు అనుకుంటాడేమోనని, ధర్మవరంలో మంచాలకు పాలిష్ కొట్టేవాని కాడికి తీస్కపోయి హార్మోనియం రంగు కొట్టిస్తి."

"మరి నిన్న నన్నెందుకు తిట్టలేదు చిన్నాయనా?"

"నిన్ను తిడితే నాది బయటపడ్తాది కదరా!"

కాఫీ గ్లాసులతో వచ్చిన చిన్నమ్మ గ్లాసులు అక్కడే కింద పెట్టేసింది. "అదా సంగతి! మా పక్కింటోళ్ల పెండ్లిలో ఆ నీలం గిటారుతో నిన్ను చూసే కదా, చేసుకుంటే ఈయప్పనే చేసుకుంటానని మా నాయనతో నేను కొట్లాడింది! పెండ్లై వచ్చి చూస్తే బీరువా రంగుది ఉండె. పాపం, కష్టమొచ్చి అది అమ్ముకోని ఇది కొనుక్కున్నాడేమో, అడిగితే బాధపడ్తాడని ఇన్నేండ్లూ అడగలే."

చిన్నాయన మడత పడని వేళ్లతో మెడ గోక్కున్నాడు. అంతకు ముందు గానీ తర్వాత గానీ ఆయన సిగ్గుపడడం నేను చూడలేదు. సారు మాత్రం వ్యాపారం మనిషి. "అయితే ఎనభై అనేది ఎప్పుడూ లేదు. పాలిష్ కొట్టిన నాడే నలభై అయిపోయింది. ఇప్పుడు తల మీద పేరు కూడా పోయింది కాబట్టి ముప్పై రెండు" అన్నాడు. నేను గబగబా తీసివేత చేసుకున్నాను. వంశపాపంలో నా వాటా ఎనిమిది వేలే. ఆ ఊరటలో, "పువ్వుకు ఏమన్నా కలుపుతారా సార్?" అని అడిగాను.

"దాన్ని గీకే కూలి మిమ్మల్ని అడగడం లేదు. సంతోషించండి."

చిన్నాయన చిన్నమ్మ వైపు చూశాడు. ఆవిడ, "ఇచ్చెయ్. బీరువా మీద పెట్టుకోని ఏం చేస్తాం? పాప వాయిస్తే ఇద్దరం విందాం" అని సారు వైపు తిరిగింది. "సార్, ఆ రంగులన్నీ తీసి మళ్లా నీలంగానే చేస్తావు కదా? చేసినాక ఒక ఫోటో పంపించు."

ముప్పై రెండు వేలకు కొత్త కీబోర్డు రాలేదు. ధర్మవరంలో ఒక సంగీతం టీచరు వాడిన పాతది వచ్చింది. మెట్ల మీద ఆమె అంటించుకున్న సరిగమల కాగితాలు సగం చిరిగి ఉంటే, పీకేద్దామని చెల్లెలు అంది. నేను చెయ్యి వేయనివ్వలేదు. దుమ్ము తుడవడానికి కూడా ఒక వారం ఒప్పుకోలేదు. ఆ క్రిస్మస్‌కు చర్చిలో అన్ని మెట్లూ పలికాయి. పాటలో ఏదో తేడాగా ఉందని కొందరు పెద్దలు అనుమానపడ్డారు కూడా.

సారు ఆ మాట మరిచిపోలేదు. నీలం గిటారు ఫోటో ఇప్పటికీ చిన్నాయన ఇంట్లో పెళ్లిఫోటో పక్కనే ఉంటుంది. నేను ధర కట్టే ఉద్యోగం ఆ మరుసటేడే మానేశాను. మొన్న చెల్లెలి కొడుకు పుట్టినరోజుకు పెనుకొండ బయల్దేరుతుంటే మా ఆవిడ నా చెంపలు చూసి, జుట్టుకు రంగేసుకోమంది.

"వద్దు. పాత వస్తువుకు మొదటి రంగే ప్రాణం. మళ్లీ వేస్తే ధర సగమైపోతుంది" అన్నాను.

"నెరిసింది మొదటి రంగెట్లయితాది? అయినా, నిన్ను కొనేదానికి ఎవురొస్తాండారప్పా?" అంది.

అద్దం ముందుకు వెళ్లి కళ్లు సగం మూసుకుని చూశాను. అంకె ఏదీ తట్టలేదు. ఉన్నదున్నట్టుగానే రైలెక్కాను.